ఎనిమిది కప్పులు, నా ఒక్క నాలుక

నవ్వం అని మీరు ఒట్టేస్తేనే చెప్త. మొన్న గురువారం మా కాలేజీల, నలభై మంది ఫైనలియర్ పిల్లల ముంగట, ఇరవై రెండేండ్ల సంది నేను చెప్పుకుంట వస్తున్న సబ్జెక్టుతోనే నా ఇజ్జత్ నేనే తీసుకున్న. వేరేటోడెవడన్న తీస్తే వాని మీద కోపమన్నా చేసుకుందును. ఈడ బోర్డు నాది, చాక్‌పీస్ నాది, ఫార్ములా గూడ నాదే.

నా సంగతి మీకు ఎరుకే గద. ఉండుడు హుస్సేనీ ఆలంల, నౌకరీ ఫలక్‌నుమా దిక్కు ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీల, చెప్పేది స్టాటిస్టిక్స్. ఎవరన్న "ఇయ్యాల వాన పడేటట్లుంది" అంటే "ఏ డేటా చూసి అంటున్నవ్" అని అడిగే రకం నేను. ఇంట్ల నా భార్య నాగమణి కూరల ఉప్పు ఎక్కువైందా అని అడిగితే గూడ, ఒక్క పూట తిని ఎట్ల చెప్తరు, శాంపుల్ సరిపోదు అన్న ఒకసారి. ఆమె నాలుగు రోజులు అదే కూర, అదే ఉప్పుతోని పెట్టింది. ఐదో రోజు శాంపుల్ సరిపోయిందని నేనే ఒప్పుకున్న.

ఇగ అసలు ముచ్చట. మా కాలేజీ వరండా చివర్న, రికార్డు రూము పక్కన, యూసుఫ్ భాయ్ చాయ్ పొయ్యి ఉంటది. అరవై దాటిన మనిషి, నేను చేరకముందు సంది ఆడనే ఉన్నడు. పొద్దున ఎనిమిదింటికే డికాక్షన్ గిన్నె మీద మూత పెట్టి దమ్ మీద ఉంచుతడు. పక్క పొయ్యి మీద పాలు మరిగి మరిగి సగానికి వస్తయి. పదకొండు గంటల బెల్లు కొట్టిందంటే సార్లు, మేడంలు అందరు క్లాసులు ఇడిసిపెట్టి గా మూలకే ఉరుకుతరు.

నాకు మాత్రం గా పెద్ద గిన్నెల చాయ్ కాదు. నాకు సపరేట్ కిట్లీ. చిన్నది, ఒక పక్క సొట్టపోయింది, పొయ్యి వెనకాల గోడకు ఆనిచ్చి పెడ్తడు. అందరికి పోసినంక, గా కిట్లీలకెల్లి నాకొక్కనికే పోస్తడు. ఆరేండ్ల సంది గిదే రివాజు. దీన్ని చూసి నేను మస్తు మురుస్తుంటి. కొత్తగ చేరిన లెక్చరర్లకు గా కిట్లీ చూపిచ్చి, సీనియారిటీ అంటే గిట్లుంటదని చెప్తుంటి. యూసుఫ్ భాయ్ చాయ్ అసొంటి చాయ్ ఈ శహర్లనే లేదని ఎన్ని సార్లు అన్ననో లెక్క లేదు. ఆయన నవ్వి తల దించుకునేటోడు. అది వినయం అనుకున్న.

పోయిన సోమవారం మా కరస్పాండెంట్ గోవర్ధన్ సేఠ్ స్టాఫ్‌రూముకు వచ్చిండు. తాతల కాలం సంది వాళ్ళది చాయ్‌పత్తి, డ్రైఫ్రూట్ హోల్‌సేల్ దుకాణం. ఇన్స్పెక్షన్ టీం వస్తున్నదట. రికార్డు రూము పక్కన సిలిండరు, మంట కనిపిస్తే రిమార్కు రాస్తరట. గందుకని ఏడాది అగ్రిమెంట్ మీద ఒక చాయ్ మిషన్ తెప్పిచ్చి, స్టాఫ్‌రూముల నా కుర్చీ వెనకాలనే పెట్టిచ్చిండు. బటన్ ఒత్తితే పాల పొడి, చాయ్ పొడి, వేడి నీళ్ళు కలిసి కాగితం కప్పుల పడ్తయి. ఇగ యూసుఫ్ భాయ్‌ని శనివారం కల్ల జాగ ఖాళీ చెయ్యమన్నడు.

యూసుఫ్ భాయ్ దర్వాజ కాడనే నిలబడి విన్నడు. చేతుల ఉన్న జల్లెడను బట్టతోని తుడుసుడు బంద్ చేసిండు. ఈ వయసుల ఇంకో గల్లీల పొయ్యి పెట్టుకుంటనంటే ఎవడు జాగ ఇస్తడు? లేసి సేఠ్ ముంగటికి పోయిన. కాని దాచుడెందుకు, గప్పుడు నేను నోరు తెరిచిందాంట్ల సగం ఆయన మీద ప్రేమ అయితే, సగం నా నాలుక మీద నాకున్న గర్వం.

సేఠ్‌తోని లొల్లికి దిగిన. యూసుఫ్ భాయ్ చేతి చాయ్‌కి, ఈ డబ్బా నీళ్ళకి పోలికేంది అన్న. సేఠ్ నవ్విండు.

"క్యా శ్రీశైలం సార్, చాయ్ చాయే. కండ్లు మూసి ఇస్తే ఏది ఎవరిదో మీకే తెల్వదు."

నాకే తెల్వదట. తెలుస్తదని మీ కండ్ల ముంగటనే, లెక్కతోని రుజువు చేస్త అన్న. సేఠ్ వ్యాపారస్తుడు, మాట దొరికితే ఇడిసిపెట్టడు. గట్లయితే గురువారం చేసి చూపియ్యన్రి, మీ లెక్కతోని భాయ్ చాయే మంచిదని తేలితే పొయ్యిని వేరే దిక్కు జరిపిచ్చి ఉంచుకుంట, లేకపోతే శనివారం పోవుడే అన్నడు. అందరి ముంగట చెయ్యి కలిపినం. యూసుఫ్ భాయ్ నౌకరీ గట్ల నా నోట్లెకొచ్చి పడ్డది.

ప్లాన్ ఏందంటే, ఎనిమిది కప్పులు. నాలుగు భాయ్‌వి, నాలుగు మిషన్‌వి. నేను కండ్లకు దస్తీ కట్టుకొని ఎనిమిదిటినీ రుచి చూసి, అన్నిట్ల మంచిదానికి ఒకటో ర్యాంకు, అన్నిట్ల చెత్తదానికి ఎనిమిదో ర్యాంకు ఇయ్యాలె. తర్వాత భాయ్ కప్పులకొచ్చిన ర్యాంకులు కూడాలె, గంతే. పై నాలుగు ర్యాంకులూ ఆయనకే వస్తే మొత్తం పది. ఎనిమిది కప్పులల్ల నాలుగిటిని డెబ్బై తీర్ల ఏరొచ్చు. అంటే రుచి అస్సలే తెల్వనోడు అడ్డగోలుగ ర్యాంకులిచ్చినా, నసీబు కొద్ది పది వచ్చే అవకాశం డెబ్బైల ఒక్కటి. గంత తక్కువ ఉన్నదంటే, ఇది నసీబు కాదు నాలుకే అని సేఠ్ అయినా ఒప్పుకోవాలె. మార్కులు వద్దు, సగటు వద్దు, ఏది ముందు ఏది వెనక అని చెప్తే సాలు. గందుకే నాకు ర్యాంకుల టెస్టులంటే పానం.

మా ఇంగ్లీష్ మేడం విజయలక్ష్మి గారిది తణుకు. ఆమెకు ప్రతిదాన్ని ఒకసారి గిల్లి చూసే అలవాటు.

"ఒక్క మనిషి నాలుక మీద ఆయన ఉద్యోగం పెట్టేస్తారేంటండీ? స్టాఫ్ పదిమందిమి ఉన్నాం, తలా ఓ గుక్క తాగి చెబుతాం కదా?" అన్నది.

మేడం, మీరు కాఫీ మనుషులు, చాయ్ సంగతి మాకిడిసిపెట్టున్రి అన్న. ఆమె మూతి ముడుసుకొని, పోనీ ఫలితం ఉల్టా వస్తే ఏం చేస్తారండీ అని అడిగింది. ఆమె అడిగింది శానా మంచి ప్రశ్న. ఈ టెస్టును రెండు తీర్ల చెయ్యొచ్చు. భాయ్ చాయే మంచిదా అని ఒక దిక్కే చూడొచ్చు. లేకపోతే, రెండిట్ల ఏదన్నా మంచిదా అని రెండు దిక్కుల చూడొచ్చు. తెల్వనప్పుడు రెండు దిక్కుల చూడాలె అని నేనే పిల్లలకు చెప్త. కాని ఉల్టా వచ్చే సవాలే లేదు గద. క్లాసుల బోర్డు మీద 'ఒకే దిక్కు' అని పెద్దగ రాసి, కింద రెండు గీతలు గూడ కొట్టిన.

బుధారం సాయంత్రం యూసుఫ్ భాయ్ నా దగ్గరికొచ్చిండు. చేతులు నలుపుకుంట నిలబడ్డడు.

"సాబ్, రేపు ఏ చాయ్ చెయ్యాలె? మీకు పోసేదా, అందరికి పోసేదా?"

నేను ఎగిరి పడ్డ. నాకు స్పెషల్‌గ చేస్తే అది చీటింగ్ అయితది, టెస్టు చెడిపోతది, అందరికి ఏది పోస్తవో గదే బరాబర్ చెయ్యి అన్న. ఆయన "లేకిన్ సాబ్" అని ఏందో చెప్పబోయిండు. లేకిన్ గీకిన్ వద్దు, ఫికర్ చెయ్యకు, నేనున్న గద అని భుజం తట్టి పంపిన. నేనుండుడే ఆయన ఫికర్ అని నాకేం తెలుసు.

గురువారం ల్యాబ్‌ల నలభై మంది పిల్లలు, వెనక బెంచీల స్టాఫు, ముంగట కుర్చీల సేఠ్. విజయలక్ష్మి మేడం పక్క రూముల చీటీలు తీసి, ఏ కప్పుల ఏ చాయ్ పొయ్యాలెనో రాసుకొని, గా కాగితం కవర్ల పెట్టి అంటిచ్చింది. అన్నీ ఒకే తీరు కప్పులు, ఒకే వేడి. టెస్టు నడుస్తుంటే ఎవ్వరు నోరు మెదపొద్దు, మెదిపితే బయటికే అని రూలు పెట్టిన. దర్వాజ కాడ యూసుఫ్ భాయ్‌కి గూడ గా రూలు చెప్పిచ్చిన. దస్తీ కట్టుకొని కూసున్న. షాన్‌గ, పెండ్లి పీటల మీద కూసున్నట్లు.

మొదటి కప్పు ఒక గుక్క తాగిన. చిక్కగ నాలుకకు అతుక్కున్నది. "ఏందిది, పాయసమా? మిషన్ల పొడి ఎక్కువ పడ్డట్లుంది" అన్న. పిల్లలు కిసుక్కుమన్నరు. నీళ్ళు పుక్కిలిచ్చి రెండో కప్పు తాగిన. పల్చగ, తీపి తక్కువ, గొంతుల తేలికగ దిగింది. నా పానం లేసొచ్చింది. "గిదీ చాయ్ అంటే. గిది భాయ్ చెయ్యి. వంద కప్పులల్ల ఉన్నా పడ్త నేను" అన్న. దర్వాజ దిక్కెల్లి ఎవరో గట్టిగ దగ్గిన్రు. సైలెన్స్ అన్న. మల్ల దగ్గిన్రు. రూలంటే రూలే, బయటికి తోలున్రి అన్న. పిల్లలు యూసుఫ్ భాయ్‌ని మెల్లగ బయటికి తీస్కపోయిన్రు.

ఎనిమిది కప్పులు రెండు సార్లు తిరిగిన. ఒక్క దగ్గర గూడ అనుమానం రాలే. చిక్కగున్న నాలుగిటిని తిట్టి తిట్టి వెనకకు నూకిన. ఒకదాన్నయితే, దీన్ని చేసినోనికి చాయ్ అంటే ఏందో ఎవరన్న నేర్పాలె అన్న. ఆఖరికి ర్యాంకులు చెప్పిన, మేడం బోర్డు మీద రాసింది. దస్తీ ఇప్పి, కాలర్ సర్దుకొని, కవర్ తెరవున్రి అన్న.

మేడం కాగితం చూసింది. మల్ల బోర్డు చూసింది. మల్ల కాగితం చూసింది. ఆమె పెదవుల మీద నవ్వు ఆగుతలేదు. మిషన్ కప్పులకు ఒకటి, రెండు, మూడు, నాలుగు. యూసుఫ్ భాయ్ కప్పులకు ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. కూడితే ఇరవై ఆరు. అంతకన్న ఎక్కువ ఈ టెస్టుల ఎవనికీ రాదు, రావాల్నన్నా దారి లేదు.

ముందు బెంచి పిల్ల ఒకామె, పాపం మంచి పిల్ల, నోట్సు రాసుకుంట అడిగింది, "సార్, మరి పీ వాల్యూ ఎంత వేసుకోవాలె?"

"ఒకటి" అన్న.

"పాయింట్ జీరో వన్ ఆ సార్?"

కాదమ్మా, ఉత్త ఒకటి. నసీబు కొద్ది గిట్లనో, గింతకన్న మంచిగనో వచ్చే అవకాశం డెబ్బైల డెబ్బై. ఒకే దిక్కు చూస్త అని గీతలు కొట్టి, సరిగ్గ దాని ఉల్టా దిక్కు పోయినోనికి గదే వస్తది. ఇరవై రెండేండ్లల్ల ఏ పుస్తకంల గూడ గా లెక్క చెయ్యమని అడగలే, ఎందుకంటే గంత ఘోరంగ ఎవ్వడు తప్పడు. సేఠ్ లేసి, రెండు దిక్కుల చూసుంటే మిషన్ చాయే మంచిదని మీరే రుజువు చేసేటోళ్ళు గద సార్ అన్నడు. పదో క్లాసు దాటని మనిషి, నా సబ్జెక్టు గంతల్నే నేర్చుకున్నడు. శనివారం సంగతి యాది చేసి ఎల్లిపోయిండు.

నాకు సిగ్గు కన్న ముందు కోపం వచ్చింది. సీదా వరండాలకు పోయిన. యూసుఫ్ భాయ్ అప్పటికే గిన్నెలు ఒక దాంట్ల ఒకటి పెట్టి సర్దుతున్నడు. ఇయ్యాల చాయ్‌ల ఏం కలిపినవ్, పాలు మార్చినవా, చాయ్‌పత్తి మార్చినవా, నీ కోసం నేను లొల్లి చేస్తే నా ఇజ్జతే తీస్తవా అని అరిచిన. ఆయన "కుచ్ నై సాబ్" అని తల దించుకున్నడు. నౌకరీ పోయేది ఆయనది, అరిచేది నేను. ఇప్పుడు తలుసుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలెనని ఉంటది.

విజయలక్ష్మి మేడం నా వెనకాలనే వచ్చింది. గోడకు ఆనిచ్చిన సొట్ట కిట్లీ ఆమె కంట్ల పడ్డది. ఆ పొద్దు గూడ నాకని చేసి పెట్టిండు, టెస్టు లొల్లిల నేనే తాగలే. ఆమె కప్పుల వొంపుకొని ఒక గుక్క తాగి, మొఖం అదో తీరు పెట్టింది.

"ఇదేం టీ అండీ? గ్లాసు కడిగిన నీళ్ళలా ఉంది."

ఏందని నేను గుంజుకొని తాగిన. ఆరేండ్ల సంది నేను తాగే చాయే. పల్చగ, తీపి తక్కువ, గొంతుల తేలికగ. నేను ఒకటో ర్యాంకు ఇచ్చిన కప్పుకు అన్నదమ్ముడు. యూసుఫ్ భాయ్ దిక్కు చూసిన. ఆయన కిట్లీ మూత సరిచేసిండు. మేడం ఒత్తిడి పెడితే అప్పుడు మెల్లగ అన్నడు.

"మేడం సాబ్‌కు జబాన్ ఇచ్చిన సాబ్. ఎట్ల చెప్పుదు?"

మేడం సాబ్ అంటే నా నాగమణి. ఆరేండ్ల కింద నాకు షుగర్ అని తేలినప్పుడు, చాయ్ మానెయ్యమని డాక్టర్ చెప్తే, మానేదే లేదని ఇంట్ల నేను లొల్లి చేసిన. ఆమె నాతోని ఒక్క మాట అనకుండ, నేను క్లాసుల ఉన్నప్పుడు కాలేజీకొచ్చి, వెన్న తీసిన పాలు, సగం నీళ్ళు, చిటికెడు చక్కెర, అంతకన్న ఎక్కువ పొయ్యొద్దు, దినాం జర జర పల్చగ చేసుకుంట పో, ఆయనకు తెల్వనియ్యొద్దు అని యూసుఫ్ భాయ్‌తోని మాట తీసుకున్నది. మర్యాద కిట్లీ అని నేను కొత్తోళ్ళకు చూపిచ్చింది బీమారోని కిట్లీ. నౌకరీ పోతున్నా గా మనిషి మాట తప్పలే. నేను "అందరికి పోసేదే చెయ్యి" అన్న గనక అందరికి పోసేదే చేసిండు. నేను దాన్ని పాయసమన్న.

ఆన్నే నిలబడి నాగమణికి ఫోన్ చేసిన. ఆమె జర గూడ తడబడలే.

"అవ్, చెప్పిన. అయితేంది? ఆరేండ్ల సంది షుగర్ కంట్రోల్‌ల ఉన్నది నీ వాకింగ్‌తోనే అనుకుంటున్నవా?"

అవునండి, వాకింగ్‌తోనే అనుకున్న. స్టాఫ్‌రూముల గ్రాఫు గీసి గూడ చూపిచ్చిన.

ఇప్పుడు చెప్పాల్నా వద్దా? చెప్తే, ఇంట్ల భార్య, ఈడ చాయ్ భాయ్ కలిసి నన్ను ఆరేండ్లు ఆడిచ్చిన్రని కాలేజీ మొత్తానికి తెలుస్తది. చెప్పకపోతే యూసుఫ్ భాయ్ శనివారం పొయ్యి మోసుకొని పోతడు. అబద్ధమెందుకు, ఒక రెండు నిమిషాలు నేను ఆలోచన చేసిన. గా రెండు నిమిషాలు నాకు ఇప్పటికీ సిగ్గే. మేడం నా దిక్కు చూసుకుంటనే ఉన్నది. చివరికి ఆమెను తోలుకొని సేఠ్ రూముకు పోయి, మొదటి నుంచి ఆఖరి దాంక చెప్పిన. టెస్టు తప్పు కాదు, టెస్టుకు కూసున్నోడు తప్పు, నేను భాయ్ చాయ్ ఆరేండ్ల సంది ముట్టనే లేదు అన్న.

సేఠ్ కండ్లల్ల నీళ్ళొచ్చేదాంక నవ్విండు. నవ్వి నవ్వి ఆగి, కండ్లు తుడుసుకున్నడు. నౌకరీ పోతున్నా నోరు ఇప్పలేదా అని అడిగిండు. ఇప్పలేదన్న. రేపు మల్ల పెట్టున్రి, ఈసారి నేను కూసుంట అన్నడు. పుట్టినకాడి నుంచి చాయ్‌పత్తిల పెరిగిన నాలుక ఆయనది.

శుక్రవారం మల్ల గదే ల్యాబు, గదే ఎనిమిది కప్పులు. ఈసారి బోర్డు మీద 'రెండు దిక్కుల' అని రాసిన, పిల్లలు సప్పట్లు కొట్టిన్రు. సేఠ్ దస్తీ కట్టుకొని, ఒక్కొక్క కప్పును చప్పరిచ్చి, పావుగంటల తేల్చిండు. కవర్ తీస్తే యూసుఫ్ భాయ్ ర్యాంకుల మొత్తం సరిగ్గ పది. రెండు దిక్కుల చూసినా అడ్డగోలుగ గంత తేడా వచ్చే అవకాశం డెబ్బైల రెండే. పొయ్యి ఇప్పుడు సైకిల్ స్టాండ్ పక్కకు జరిగింది. యూసుఫ్ భాయ్ ఉన్నడు. నేను ఆయన చేతులు పట్టుకొని మాఫ్ చెయ్యమంటే, మీరు తిట్టింది మిషన్‌ని సాబ్, నన్ను కాదు గద అన్నడు. దాంతోని నాకు ఇంకింత సిగ్గయింది.

మిషన్‌ను వాపస్ ఇయ్యస్తలేదు, ఏడాది అగ్రిమెంట్. స్టాఫ్‌రూముల నా కుర్చీ వెనకాల గట్లనే ఉన్నది. తాగేది నేనొక్కన్నే. కిట్లీ గుట్టు బయటపడ్డది గనక ఇగ మిషన్‌దే, చక్కెర లేని బటనే అని నాగమణి హుకుం. కావలికి విజయలక్ష్మి మేడంను పెట్టింది.

నిన్న మాత్రం ఆగలేకపోయిన. మేడం కోసం తెచ్చిన కప్పు టేబుల్ మీద ఉన్నది, మనుషులు లేరు. భాయ్ అసలు చాయ్ మల్ల ఒక్కసారన్నా తాగాలె గద అని ఎత్తిన. ఒక గుక్క. రెండు గుక్కలు. మూడోది గొంతుల దిగలే. చిక్కదనం, తీపి, నాలుక మీద మీగడ. కప్పు ఆడనే పెట్టి, ఇటు తిరిగి, మిషన్ బటన్ ఒత్తుకొని పల్చటి చాయ్ తాగితే గప్పుడు పానం నిమ్మళమయింది. గురువారం నా నాలుకకు ఇరవై ఆరు కరెక్టే వచ్చింది.